పేరీతకు పిల్ల మొక్కలేవి?

కడపలో కొత్తగా కట్టిన ఇళ్ళ గేట్ల దగ్గర ఒక మొక్క తరచుగా కనబడుతుంది. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఆకులు ఈత మట్టల్లాగా చుట్టూ పరుచుకుని ఉంటాయి. నర్సరీ వాళ్ళు దాన్ని సైకస్ అంటారు, కొందరు సాగో పామ్ అంటారు. కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తుంది. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది కాబట్టి ఎంత ధర చెప్పినా కొంటారు. దాని పుట్టినిల్లు జపాన్ దక్షిణాన ఉన్న దీవులు.

దానికి చెల్లెలి వరస అయ్యే మొక్క ఒకటి మన కొండల్లోనే ఉంది. తూర్పు కనుమల్లో శేషాచలం, దాన్ని ఆనుకుని పాత కడప జిల్లాలో ఉన్న కొండలు దాని ఇల్లు. ఆంధ్రప్రదేశ్ దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా అది తనంతట తాను పెరగదు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైకస్ బెడ్డోమై. కొండ పక్క ఊళ్ళలో పేరీత అంటారు. గేటు దగ్గర జపాన్ మొక్కకు రోజూ నీళ్ళు పోసే మనలో చాలామంది, కొండ మీద ఉన్న సొంత మొక్క పేరు కూడా విని ఉండరు. నేనూ చాలా ఏళ్ళు వినలేదు.

మొదటిసారి చూసింది రాజంపేట వైపు కొండల్లో, ఒక యానాది పెద్దాయన వెంట నడుస్తున్నప్పుడు. అది ఏ కొండో, ఏ వాలో ఇక్కడ రాయను. అప్పటికి గడ్డి మోకాలెత్తున ఎండి ఉంది. రాళ్ళ మధ్య కాలిన మొద్దులాంటి నల్లటి కాండం, దాని నెత్తిన పచ్చటి ఆకుల గొడుగు. "ఈత చెట్టు ఈ రాళ్ళల్లో ఎట్ల మొలిచింది పెద్దాయనా?" అని అడిగాను. "ఈత గాదు సామీ, పేరీత. ఇది మొగది. దీని పువ్వు యాపారానికి పోతాది" అన్నాడు. పువ్వేదని చూస్తే లేదు. ఆకుల నడుమ కత్తి పడిన గుర్తు మాత్రం ఉంది. మొక్క బాగానే ఉంది కదా, పువ్వొకటి కోసుకుపోతే ఏమైందిలే అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ వ్యాసం రాస్తున్నది అందుకే.

ఈత కాని ఈత

ముందు పేరు సంగతి. పేరోలగం అంటే పెద్ద కొలువు. అందులో ముందున్న మాటే ఈతకు చేరి పేరీత, అంటే పెద్ద ఈత అయిందని నా ఊహ. కేరళలో దీని బంధువు ఇంకొకటి ఉంది, దాన్ని అక్కడివాళ్ళు ఈంతు అంటారు. ఆకు చూసి పేరు పెట్టినప్పుడు ఎవరికైనా ఈతే గుర్తొస్తుంది. అయితే వరసలో ఈతకూ దీనికీ సంబంధం లేదు. ఈత పూస్తుంది, కాస్తుంది. పేరీతకు అసలు పువ్వూ ఉండదు, పండూ ఉండదు. గింజ మాత్రం ఉంటుంది. ఆ గింజను చుట్టి కాపాడే కాయ ఉండదు కాబట్టి బడి పుస్తకాల్లో వీటిని వివృత బీజాలు అంటారు. దేవదారు, పైన్ చెట్లు కూడా ఈ వర్గానివే. పెద్దాయన పువ్వు అన్నది నిజానికి మగ మొక్క నడినెత్తిన లేచే శంకువు. జానకు పైనే పొడవుంటుంది, మొక్కజొన్న కంకిలాగా పొలుసులు పొలుసులుగా ఉంటుంది. ఆ పొలుసుల అడుగున పుప్పొడి తిత్తులుంటాయి.

శాస్త్రీయ నామంలోని బెడ్డోమై వెనక ఒక మనిషి ఉన్నాడు. రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖలో చేరి, 1860 నుంచి 1882 దాకా దాన్ని నడిపించాడు. దక్షిణాది కొండల్లో మొక్కలు, పాములు, కప్పలు, నత్తలు ఏవి కనబడినా సేకరించి నమోదు చేశాడు. థిసెల్టన్ డయర్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు 1883లో ఈ మొక్కను కొత్త జాతిగా గుర్తించి బెడ్డోమ్ పేరు పెట్టాడు. ఆకు రెబ్బలు సన్నగా ఉండి, వాటి అంచులు కిందికి ముడుచుకుని ఉండటం దీని గుర్తుల్లో ఒకటి. ఎండలో నీటిని పొదుపు చేసుకోవడానికి పనికొచ్చే ఆకు అది. కాండం సాధారణంగా మనిషి నడుము ఎత్తు కూడా దాటదు.

సైకస్ జాతుల వేళ్ళలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఒకటుంది. కొన్ని వేళ్ళు కిందికి పోకుండా పైకి తిరిగి, పగడాల గుత్తిలాగా కొమ్మలు వేస్తాయి. వాటి లోపల నీలి ఆకుపచ్చ నాచు కాపురం ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా అందిస్తుంది, బదులుగా మొక్క దానికి చోటిచ్చి తిండి పెడుతుంది. మన కొండల మీద మట్టి ఎంత పలచగా ఉంటుందో చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. వేరుశనగ వేరుబుడిపెల సంగతి మన రైతులందరికీ తెలుసు. ఇదీ అలాంటిదే, కాకపోతే దానికంటే ఎంతో పాత పద్ధతి.

డైనోసార్ల కాలం అనే సగం నిజం

ఈ మొక్కల గురించి ఎక్కడ చదివినా డైనోసార్ల కాలం నాటివి అని ఉంటుంది. దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి. సైకస్‌నూ దాని బంధువులనూ కలిపి సైకడ్లు అంటారు. ఈ సైకడ్ల వంశం చాలా పాతది, సుమారు 28 కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలు దొరికాయి. డైనోసార్లు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పోయాయి. వంశం వరకు ఆ మాట నిజం. ఇవాళ బతికి ఉన్న జాతుల సంగతి వేరు. వాటి జన్యువులను పోల్చి 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇప్పుడున్న సైకడ్లలో చాలావరకు గత 1.2 కోట్ల ఏళ్ళలోనే విడివిడి జాతులుగా ఏర్పడ్డాయి. తాత ముత్తాతలు పాతవాళ్ళు, ఈ తరం కొత్తది.

ఈ తేడాను పట్టించుకోవాలి. డైనోసార్లు పోయినా ఇది పోలేదు, దీనికేం కాదు అనే ధీమా ఆ సగం నిజం నుంచే పుడుతోంది. ప్రపంచంలో 350కి పైగా సైకడ్ జాతులున్నాయి. మొక్కల వర్గాలన్నింటిలో అంతరించే ప్రమాదం ఎక్కువగా ఉన్నది వీటికే. ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ తయారుచేసే ఎర్ర జాబితాలో మన పేరీత కూడా ప్రమాదంలో ఉన్న జాతి.

మగదాన్ని కోస్తే ఆడది గొడ్డుబోతుంది

అసలు చిక్కు ఇక్కడుంది. పేరీతలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తాటి చెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే. మగదానికి శంకువు లేస్తుంది. ఆడదానికి శంకువు ఉండదు, నడినెత్తిన ఉన్ని కప్పినట్టుండే చిన్న చిన్న ఆకుల గుత్తి వస్తుంది. ఆ ఆకుల అంచుల వెంట అండాలుంటాయి. మగ శంకువులోని పుప్పొడి గాలితోనో, చిన్న చిన్న పెంకు పురుగులతోనో ఆ అండాల దాకా చేరాలి. సైకడ్ల శంకువులు పక్వానికి వచ్చినప్పుడు వేడెక్కి, ఘాటైన వాసన వదులుతాయి. పురుగులు ఆ వాసన పట్టి వస్తాయి. చాలా జాతుల్లో ఆ పురుగులు మగ శంకువులోనే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుకుంటాయి.

పుప్పొడి చేరాక జరిగేది ఇంకా వింత. పువ్వులు పూసే మొక్కల్లో మగకణానికి ఈత రాదు, గొట్టంలో జారి అండాన్ని చేరుతుంది. సైకస్‌లో మగకణం సన్నటి నూగు ఆడిస్తూ, అండం లోపలి నీటి చుక్కలో ఈదుతూ వెళ్తుంది. ఈ సంగతి 1896లో జపాన్‌లో ఇకెనో అనే శాస్త్రజ్ఞుడు, మన గేట్ల దగ్గర పెరిగే ఆ జపాన్ సైకస్‌లోనే కనిపెట్టాడు. నాచు, ఫెర్న్ మొక్కల కాలం నాటి అలవాటును ఇది ఇంకా వదల్లేదు. మొక్కల ప్రపంచంలో ఇంత పెద్ద మగకణాలు సైకడ్లలోనే ఉంటాయి.

ఇంత కథా మగ శంకువు ఉంటేనే నడుస్తుంది. జనం కోసేది సరిగ్గా దాన్నే.

కోసినంత మాత్రాన మొక్క చావదు. పక్క నుంచి కొత్త మొవ్వ వేసుకుని మళ్ళీ ఆకులు తొడుగుతుంది. మరుసటేడు అదే దారిలో వెళ్ళినవాడికి పచ్చగా కనబడుతుంది. అయితే ఆ ఏడు దాని పుప్పొడి ఎవరికీ అందలేదు. పక్క వాలులో ఎదురుచూసిన ఆడ మొక్కల అండాలు పనికిరాకుండా పోయాయి. శంకువులో పెరగాల్సిన పురుగులు కూడా శంకువుతో పాటు గోతంలోకి వెళ్ళాయి. మగ మొక్క ఏటా శంకువు వేస్తుందన్న నమ్మకం కూడా లేదు. వేసిన ఏడు కోసేస్తే, తర్వాతి అవకాశానికి మళ్ళీ ఏళ్ళు పట్టవచ్చు.

ఇది ఎక్కడిదాకా పోతుందో తెలియడానికి దక్షిణాఫ్రికాలో ఒక ఉదాహరణ ఉంది. 1895లో జాన్ మెడ్లీ వుడ్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడికి అక్కడి ఒక అడవిలో ఒక సైకడ్ కనబడింది. దానికి ఆయన పేరే పెట్టారు, ఎన్సెఫలార్టస్ వుడీ. దొరికింది ఒక్క మగ మొక్క. ఆడది ఎంత వెతికినా ఇంతవరకు దొరకలేదు. ఆ మొక్క పక్క పిలకలను తీసి ప్రపంచంలోని తోటల్లో నాటారు. అవి ఇప్పటికీ ఏపుగా పెరుగుతున్నాయి, శంకువులు వేస్తున్నాయి. అన్నీ మగవే, అన్నీ ఒకే మొక్క. ఒక్క గింజ పుట్టదు. బతికి ఉన్న మొక్కలు ఎన్నో లెక్క చెప్పగలరు, జాతి బతికి ఉందని మాత్రం చెప్పలేరు.

మన పేరీతకు ఆ గతి పట్టలేదు. ఆడా మగా రెండూ ఉన్నాయి. అందుకే ఇప్పుడు మాట్లాడుకోవాలి.

కోసినది ఎక్కడికి పోతుంది

మూలికల అంగళ్ళలో సైకస్ మగ శంకువుల పొలుసులను మదనమస్తు పేరుతో అమ్ముతారు. పేరులోనే ఉంది దేనికి వాడతారో. బలానికి, మగతనానికి, ఒంట్లో వేడి తగ్గడానికి అని చెప్తారు. లేహ్యాల్లో కలుపుతారు. ఈ నమ్మకం పాతదే. దాన్ని నమ్మేవాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. మా ఇంట్లోనూ పసర్లు, కషాయాలు వాడతాం. కానీ తీసుకునేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. సైకస్ జాతుల్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, జంతువుల మీద చేసిన పరీక్షల్లో క్యాన్సర్ కలిగించింది. కేరళలో ఈంతు గింజల పిండితో వంటలు చేసుకునేవాళ్ళు ఆ గింజలను ఎండబెట్టి, నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి కడిగిన తర్వాతే నోట్లో పెడతారు. ఆ జాగ్రత్త వాళ్ళకు తరాల అనుభవం నేర్పింది. అంగడిలో పొట్లం కట్టి ఇచ్చే పొడిని ఎవరు కడిగారు, ఎంత కడిగారు అని అడిగేవాళ్ళే లేరు.

ఇంకో చిక్కు గుర్తుపట్టడం. ఎండిపోయిన పొలుసు చూసి అది మన పేరీతదా, ఇంకో సైకస్ జాతిదా చెప్పడం కష్టం. పొడి చేశాక కంటితో చెప్పడం అసాధ్యం. డీఎన్‌ఏ పరీక్షతో చెప్పొచ్చు గానీ, ప్రతి గోతాన్నీ ల్యాబుకు పంపేదెవరు? పట్టుకున్నవాళ్ళకు కేసు నిలబెట్టడం కష్టమవుతుంది, అమ్మేవాళ్ళకు ఇది కేరళ సరుకు అనడం సులువవుతుంది.

కోసేవాడి మీదికే అందరి వేళ్ళూ చూపిస్తాయి. నాకది న్యాయంగా అనిపించదు. కొండెక్కి, ఎలుగుబంటికి భయపడుతూ, ఎండలో కోసుకొచ్చినవాడికి దక్కేది కూలి డబ్బులే. సరుకు చేతులు మారేకొద్దీ ధర పెరిగి, లాభం కొండ ఎప్పుడూ ఎక్కనివాడి దగ్గర ఆగుతుంది. కొనేవాడు లేకపోతే ఆ కత్తి కొండెక్కదు.

శంకువుల మీద పడేదే ఎక్కువ దెబ్బ. దానికి తోడు అలంకరణకు ఆకులు కోసుకుపోవడం, తోటల్లో పెట్టుకోవడానికి మొక్కనే పెళ్ళగించడం ఉన్నాయి. అరుదైన సైకడ్లను పోగేసుకునే పిచ్చి ప్రపంచమంతా ఉంది. ఎదిగిన మొక్కను పెళ్ళగిస్తే పోయేది ఒక మొక్కే అనుకోవద్దు. అంత ఎత్తు పెరగడానికి దానికి దశాబ్దాలు పట్టి ఉంటుంది.

నిప్పు

మన కొండల్లో ఫిబ్రవరి దాటితే మంటలు మొదలవుతాయి. రాత్రిపూట దూరం నుంచి చూస్తే కొండకు ఎర్ర దండ వేసినట్టుంటుంది. చిన్నప్పుడు దాన్ని చూసి ముచ్చటపడేవాళ్ళం. కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపర్లు పెట్టేవి కొన్ని, తేనె తీసేటప్పుడు జారిన నిప్పు కొంత, ఆర్పకుండా పారేసిన బీడీ కొంత, దొంగచాటుగా అడవిలో మకాం వేసినవాళ్ళ పొయ్యిలు కొన్ని. 2014 మార్చిలో తిరుమల దగ్గర అడవి అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

పేరీత నిప్పుకు భయపడే మొక్క కాదు. రాలిపోయిన ఆకుల మొదళ్ళు కాండాన్ని కవచంలాగా చుట్టి ఉంటాయి. మంట పైపైన పోయి ఆకులు మాడిపోతాయి, లోపల మొవ్వ బతుకుతుంది. కొన్నాళ్ళకు నల్లటి మొద్దు మీద లేత పచ్చ ఆకులు గుత్తిగా లేస్తాయి. నేను మొదటిసారి చూసిన మొక్క అలాంటిదే. అది చూసి ఎవరైనా, ఈ మొక్కకు నిప్పు అలవాటే, ఫరవాలేదు అంటారు.

ఆ మాట పెద్ద మొక్క వరకే నిజం. గింజ బరువైనది, తల్లి కాళ్ళ దగ్గరే పడుతుంది, మొలకెత్తడానికి నెలలు పడుతుంది. మొలిచాక కూడా ఒకటో రెండో ఆకులతో ఏళ్ళు గడుపుతుంది. దానికి ఇంకా కాండం లేదు, కవచం లేదు. ఎండు గడ్డి మధ్యలో ఉంటుంది. గడ్డి అంటుకుంటే దాని పని అయిపోయినట్టే. ఆరేడేళ్ళకొకసారి మంట వస్తే ఈ లోపల కొన్ని పిల్లలు తట్టుకునేంత ఎదుగుతాయి. ఏటేటా కాలిస్తే ఏ తరమూ దాటదు. ఒకే నిప్పు తల్లిని వదిలేసి పిల్లను కాలుస్తోంది. కాలినది కనబడదు, మిగిలినదే కనబడుతుంది.

కాగితం మీద ఉన్న కాపలా

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మొదట్లో అందులో మొక్కల ఊసు లేదు. 1991 సవరణలో మొక్కల కోసం ఒక అధ్యాయం చేర్చి, ఆరో షెడ్యూల్ పెట్టారు. దేశం మొత్తం మీద ఆ జాబితాలోకి ఎక్కినవి ఆరంటే ఆరు పేర్లు. వాటిలో మూడు ఆర్కిడ్లు: నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిపర్ జాతులు. నాలుగోది మేఘాలయలో పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క. అయిదోది హిమాలయాల్లో దొరికే కుష్ఠు అనే మూలిక. ఆరోది మన పేరీత. ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ మొక్క అదొక్కటే. ఆర్కిడ్ పువ్వుల ఫొటోలు క్యాలెండర్ల మీద చూసి ఉంటాం. వాటి సరసన చోటు దక్కిన మన మొక్క బొమ్మ మాత్రం ఏ గోడ మీదా నాకు కనబడలేదు. 2022 సవరణ తర్వాత మొక్కల జాబితా మూడో షెడ్యూల్‌కు మారింది.

ఈ చట్టంలోని 17ఎ సెక్షన్ ప్రకారం జాబితాలోని మొక్కను అడవిలో కోయడం, పెళ్ళగించడం, పాడుచేయడం, సేకరించడం నేరం. అనుమతి లేకుండా అమ్మడమూ నేరమే. గిరిజనులకు ఒక మినహాయింపు ఉంది. తాము ఉంటున్న జిల్లాలో, సొంత వాడకానికి మాత్రమే వాళ్ళు కోసుకోవచ్చు. ఈ మినహాయింపు సరైనదేనని నా అభిప్రాయం. ఒక ఇంటి మందుకు ఒక శంకువు తీసుకున్నందువల్ల ఈ మొక్కకు ఇంత ముప్పు రాలేదు. గోతాల్లో నింపి ఊరు దాటించే బేరం వల్ల వచ్చింది.

దేశాల మధ్య వ్యాపారం సంగతి సైటిస్ ఒప్పందం చూస్తుంది. అందులో అనుబంధం 1 అంటే దాదాపు పూర్తి నిషేధం, అనుబంధం 2 అంటే అనుమతులతో వ్యాపారం. సైకస్ జాతులన్నీ రెండో దాంట్లో ఉన్నాయి. మొదటి దాంట్లో ఉన్న సైకస్ ఒక్కటే, సైకస్ బెడ్డోమై. ఎర్రచందనం కూడా రెండో దాంట్లోనే ఉంది. ఎర్రచందనం కోసం టాస్క్‌ఫోర్స్ ఉంది, చెక్‌పోస్టులు ఉన్నాయి, రోజూ పేపర్లో వార్తలు ఉన్నాయి. అదే కొండ మీద, అంతకంటే పై మెట్టులో ఉన్న మొక్క గురించి జిల్లాలో మాట్లాడేవాళ్ళు కరువయ్యారు. ఎర్రచందనం దుంగ లారీలో పోతుంది, బరువుంటుంది, చెక్‌పోస్టులో తేలిగ్గా దొరుకుతుంది. శంకువులు సంచిలో పడతాయి, కూరగాయల మూటలో కలిసిపోతాయి. కాపలా కాసేవాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళు ఉన్నది కొద్దిమంది, నడవాల్సిన కొండలు లెక్కలేనన్ని.

ప్రాంతం వారీగా రక్షణ కూడా ఉంది. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం వచ్చింది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్ల పైమాటే. భూమి పోకుండా ఇవి కాపాడతాయి. చెరువునో అడవినో నరికి లేఅవుట్లు వేసే రోజుల్లో అది చిన్న మేలేమీ కాదు. కానీ పేరీతకు కావలసింది భూమి ఒక్కటే కాదు. దాని శంకువు దాని నెత్తిన కొన్ని వారాలు ఉండాలి, దాని పిల్లకు కొన్నేళ్ళు నిప్పు తగలకుండా ఉండాలి. సరిహద్దు రాయి ఆ రెండు పనులూ చేయదు.

లెక్క ఎక్కడ తప్పుతోంది

ఒక ఊళ్ళో బడి మూతపడి పదేళ్ళయినా రచ్చబండ మీద ముసలివాళ్ళు కూర్చునే ఉంటారు. దారిన పోయేవాడు ఊరు నిండుగా ఉందనుకుంటాడు. పేరీత పరిస్థితి అదే. పెద్ద మొక్క చాలా ఏళ్ళు బతుకుతుంది, కరువుకూ మంటకూ తట్టుకుంటుంది, విషం వల్ల పశువులు పెద్దగా ముట్టవు. అందుకే కొండ వాలు చూస్తే పచ్చగా కనబడుతుంది. ఎన్ని మొక్కలున్నాయని లెక్కేస్తే అంకె బాగానే వస్తుంది. లెక్కేయాల్సింది ఆ అంకెను కాదు. ఆడవెన్ని, మగవెన్ని, ఈ ఏడు ఎన్ని మగవి శంకువు వేశాయి, వాటిలో ఎన్ని చివరిదాకా నిలిచాయి, ఎన్ని ఆడవి గింజ పట్టాయి, మోకాలి కింది మొక్కలు ఎన్ని ఉన్నాయి, వాటిలో పోయినేటివి ఎన్ని మిగిలాయి? శంకువో అండాలో రానంతవరకు ఏది ఆడో ఏది మగో బయటికి తెలియదు. కాబట్టి ఒక్కరోజు వెళ్ళి చూస్తే సరిపోదు, అదే వాలుకు ఏటా వెళ్ళాలి.

ఈ పని ఎవరు బాగా చేయగలరో నాకు ఆ నడకలోనే తెలిసింది. ఏది మొగదో ఆకు చూసి చెప్పలేక నేను నిలబడిపోతే, ఫలానా ఏడు ఫలానా రాయి పక్కన పువ్వు లేచింది అని పెద్దాయన గుర్తు చేసుకుని చెప్పాడు. అలాంటి జ్ఞాపకం ఉన్నవాళ్ళను వాచర్లుగా పెట్టుకుని, శంకువులు లేచే కాలంలో ఆ వాలుల మీద తిప్పి, కోసినదానికి వచ్చే కూలి కంటే కాపాడినందుకు ఎక్కువ ఇస్తే, నా దృష్టిలో ఏ బోర్డు కంటే, ఏ ప్రకటన కంటే అది ఎక్కువ పని చేస్తుంది. వన సంరక్షణ సమితులు మనకు కొత్త కాదు. ఎండలు ముదరకముందే పేరీత గుంపుల చుట్టూ గడ్డి చెక్కి ఫైర్ లైన్లు వేయడం కూడా వాళ్ళకు తెలిసిన పనే. కొండంతా చెక్కనక్కర్లేదు, పిల్ల మొక్కలున్న చోటు వరకు చాలు.

నర్సరీల్లో పెంచడం గురించి కూడా చెప్పాలి. గింజల నుంచి మొక్కల్ని పెంచవచ్చు, చేత్తో పుప్పొడి చల్లి గింజ పట్టించవచ్చు. మందుకు కావలసిన శంకువులు తోటల నుంచి వస్తే కొండ మీద ఒత్తిడి తగ్గుతుంది. కాకపోతే రెండు జాగ్రత్తలు అవసరం. ఒకే తల్లి గింజలతో తోట నింపితే అన్నీ అన్నదమ్ములే అవుతాయి, జాతికి కావలసిన వైవిధ్యం రాదు. ఇది తోటది అనే చీటీ తగిలించి కొండ సరుకును అమ్మే వీలు కూడా ఉండకూడదు. ఈ రెండూ చూసుకోకుండా నాటే తోట వల్ల కొండకు మేలు జరగదు.

మన వంతు పని చిన్నదే. గేటు దగ్గర సైకస్ పెట్టుకోవాలనుకుంటే నర్సరీలో పెంచిన జపాన్ సైకస్ కొనండి, అందులో తప్పు లేదు. దాని ఆకు రెబ్బలు బిరుసుగా, ముదురు పచ్చగా, మెరుస్తూ ఉంటాయి. కొండ సరుకు అని ఎవరైనా గొప్పగా చెప్పి అమ్మబోతే కొనకండి. మదనమస్తు అడగకండి. కొండల్లో నడిచే అలవాటున్నవాళ్ళకు పేరీత కనబడితే, శంకువుతో ఉంటే మరీ ముఖ్యంగా, ఫొటో తీసుకోండి కానీ ఫోన్లో లొకేషన్ ఆపేసి తీయండి. ఊరి పేరు, దారి పేరు పెట్టి గ్రూపుల్లో పంపకండి. నేను మొదట్లో ఏ కొండో చెప్పనన్నది ఇందుకే.

ఆ రోజు దిగేటప్పుడు పెద్దాయన ఒక ఆడ మొక్క దగ్గర ఆగి, చుట్టూ గడ్డి పాయలు తీసి చూపించాడు. రెండే రెండు ఆకులు, నా అరచేయంత. మొత్తం వాలు మీద మాకు కనబడిన పిల్ల మొక్కలు ఒక చేతి వేళ్ళకు మించలేదు. ఆయన దాని చుట్టూ ఎండు గడ్డి పీకి, దూరంగా రాతి మీద పడేశాడు. నేనూ కూర్చుని పీకాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా ఆ పనే చేశాం.